నువ్వుగింజ నానింది

కొండాపూర్‌లో పెద్ద రోడ్డు మీది అద్దాల మేడల వెనక, ఒక ఆటో దూరితే ఎదురుగా వచ్చే ఆటో ఆగిపోవాల్సిన సందు ఒకటి ఉంది. వెంకటనారాయణ ఇల్లు ఆ సందులోనే. ఇల్లంటే ఇప్పుడది మూడంతస్తుల బిల్డింగు. కింద పార్కింగు, మొదటి అంతస్తులో ఆయన కుటుంబం, రెండోది కిరాయికి, పైన సాఫ్ట్‌వేర్ పిల్లలు. ఒకప్పుడు ఇదే జాగాలో పెంకుటిల్లు ఉండేది, దాని ముందు అరుగు ఉండేది. అరుగు పోయింది గానీ అరుగు మీద కూర్చునే మనిషి పోలేదు. పార్కింగులో మెట్ల మొదట్లో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పొద్దున చాయ్ తాగింది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా అక్కడే ఉంటాడు.

కూర్చున్నవాడు ఊరుకుంటాడా? మెట్లెక్కే ప్రతి మనిషినీ ఆపాల్సిందే. ఏ ఊరు, ఎవరింటికి, పెండ్లయిందా, నాయన ఏం చేస్తాడు? కొరియర్ పట్టుకొచ్చినవాడు సంతకం పెట్టించుకునేలోపే తన వంశవృక్షం అప్పజెప్పి వెళ్లాలి. ఆయన దృష్టిలో అది ఆరా తీయడం కాదు, మర్యాద. గడప తొక్కిన మనిషిని పలకరించకుండా పంపితే ఆ ఇంటికి తలవంపులని వాళ్ల నాయన నేర్పాడు. విన్నదాన్ని నలుగురికీ పంచడం కూడా ఆ మర్యాదలో భాగమేనని ఆయన తనంతట తాను కలుపుకున్నాడు. వెంకటనారాయణ నోట్లో నువ్వుగింజ నానదని సందంతా అనుకుంటుంది. ఆయన ఎదుటే అంటుంది. అందరితో పాటు ఆయనా నవ్వుతాడు.

ఇట్లాంటి మనిషి బిల్డింగులోకి కృష్ణప్రియ కిరాయికి దిగింది. కాకినాడ వైపు అమ్మాయి. సైకాలజీ చదువుకుంది. ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్ల మనసు బాధలు వినడానికి కౌన్సెలింగ్ సెంటర్ పెడతానంది. వెంకటనారాయణకు అందులో అర్థమైంది ఒక్కటే, ఇకనుంచి రోజూ కొత్త మనుషులు వస్తారు. ఆయన సంబరం అంతా ఇంతా కాదు.

సెంటర్ తెరిచిన కొత్తలోనే ఒక అమ్మాయి బైక్ టాక్సీ దిగింది. ముఖానికి చున్నీ చుట్టుకుంది.

"ఎవలింటికి బిడ్డా?"

"సెకండ్ ఫ్లోర్‌కి అంకుల్."

"యాడికెళ్లి వస్తున్నవ్?"

"మూసాపేట."

"ఏం తకలీఫు?"

ఆ పిల్ల నీళ్లు నమిలింది. ఎదురుగా చూస్తే తెల్ల పంచె, నుదుట బొట్టు, కళ్లలో ఏ కల్మషమూ లేని పెద్దమనిషి. "నిద్ర పట్టట్లేదంకుల్" అనేసింది.

అంతే. వెంకటనారాయణ మెట్ల సందులోంచి తలెత్తి, వరిమడి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కేకేసినట్టు ఒక్క కేక పెట్టాడు. "డాక్టరమ్మా! మూసాపేట పిల్లొచ్చింది! పాపం నిద్ర పడ్తలేదంట! జర జల్ది చూడుండ్రి!"

పై అంతస్తు పిల్లలు కిటికీలోంచి తొంగి చూశారు. ఆ అమ్మాయి మెట్టెక్కలేదు. వెనక్కి తిరిగి గబగబా నడిచి సందు మలుపు దగ్గర మాయమైంది. సాయం చేయబోతే ఎందుకు పారిపోయిందో వెంకటనారాయణకు ఎంత ఆలోచించినా తెగలేదు.

కృష్ణప్రియ కిందికి దిగి వచ్చింది. కోపం వచ్చినా గొంతు పెంచే మనిషి కాదు. "వెంకటనారాయణ గారూ, మొదటి సంగతి, నేను డాక్టర్ని కాదండి, మందులివ్వను. రెండోది, ఇక్కడికి వచ్చినవాళ్లు ఏం చెప్పారన్నదే కాదు, అసలు వచ్చారన్న సంగతి కూడా ఎవరికీ తెలియకూడదండి. మా పనిలో దాన్ని కాన్ఫిడెన్షియాలిటీ అంటాం. గోప్యత."

"గంత దాచిపెట్టుకునే తప్పేం చేసిన్రమ్మా వాళ్లు?"

"తప్పు చేసి కాదండి. చెప్పిన మాట బయటికి పోదన్న నమ్మకం ఉంటేనే కొన్ని బాధలు నోటి దాకా వస్తాయి."

ఇదంతా ఆయనకు తలకిందులుగా వినిపించింది. ఆయన ఎరిగినంతలో బాధను నలుగురి మధ్యా పెడితే పలచబడాలి. తనకు మోకాళ్ల నొప్పులు వచ్చినప్పుడు సందులో చెప్పని మనిషి లేడు. ఒకరు నూనె ఇచ్చారు, ఒకరు దవాఖాన పేరు చెప్పారు, ఒకరు తమ మోకాళ్లు చూపించారు. నొప్పి తగ్గలేదు గానీ ప్రాణం తేలికైంది. మూల గదిలో తలుపేసుకుని ఒక్క మనిషికి చెప్పుకుంటే తగ్గే బాధ ఎట్లా ఉంటుంది? అయినా కిరాయికున్న ఆడపిల్ల చేతులు జోడించి అడిగింది కాబట్టి కేకలు మానేశాడు. పలకరింపులు మాత్రం ఆయన వల్ల కాలేదు.

కృష్ణప్రియ వేరే దారి ఆలోచించింది. అసలు విషయం తెలిస్తే పెద్దాయనే తగ్గుతాడని, ఒక ఆదివారం పొద్దున పార్కింగులో సందువాళ్లను కూర్చోబెట్టి మనసుకు సంబంధించిన మాటలు కొన్ని వివరిస్తానంది. వెంకటనారాయణ తన ఇంట్లో పెండ్లి జరుగుతున్నట్టు కుర్చీలు వేయించాడు. సందు మొదట్లో చాయ్ బండి పెట్టుకున్న యాదయ్య, ఆయనకు చిన్నప్పటి దోస్తు, పెద్ద ఫ్లాస్కు మోసుకొచ్చాడు. ఇల్లాలు కిష్టమ్మ చిక్కుడుకాయలు తుంచుకుంటూ వెనకాల కూర్చుంది.

కృష్ణప్రియ ఓపిగ్గా చెప్పింది. ఎదురుగా ఉన్న కుక్కను చూస్తే కలిగేది భయం. రేపు ఆ సందులో కుక్క ఉంటుందేమోనని ఇవాళే గుండె దడదడలాడటం ఆందోళన, దాన్నే యాంగ్జైటీ అంటారు. దిగులు అందరికీ వస్తుంది, పోతుంది. వారాల తరబడి పోకుండా తిండినీ నిద్రనూ పనినీ ఇష్టమైనవాటినీ పట్టుకుని కూర్చుంటే డిప్రెషన్ అని అనుమానించాలి. వద్దనుకున్నా వదలని ఆలోచనలు, అవి సద్దుమణగడానికి చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం, చేయకపోతే నిలవలేకపోవడం ఓసీడీ. ఉన్నదాన్ని ఒప్పుకునే శక్తి లేక మనసు దాన్ని లేనట్టే చూపిస్తే డినైయల్.

వెంకటనారాయణ తల ఊపుతూ విన్నాడు. ఆ ఊపుడు చూసి కృష్ణప్రియ సంతోషపడింది. పాపం, ఆయన సంగతి ఆమెకు అప్పటికి పూర్తిగా తెలియదు.

మర్నాటి నుంచి సందులో ఆరోగ్యంగా ఉన్న మనిషి మిగల్లేదు. గిన్నె తోమిందే తోముతుందని కిష్టమ్మకు ఓసీడీ అన్నాడు. పాలు విరుగుతాయేమోనని పొయ్యి దగ్గరి నుంచి కదలడని యాదయ్యకు యాంగ్జైటీ తగిలించాడు. మూడు నెలలుగా పాడిన పాటే పాడుతూ తిరిగే కూరగాయల బండివాడికి ఏ పేరు పెట్టాలో తేల్చుకోలేక ఒక పూటంతా సతమతమయ్యాడు.

"నాకేం రోగం లేదు" అంది కిష్టమ్మ, గిన్నె బోర్లిస్తూ.

"ఉన్నదాన్ని లేదంటున్నవ్. గదే డినైయల్."

"ఉన్నోళ్లు లేదంటే డినైయల్ అయితే, లేనోళ్లు ఏమనాలెనయ్యా మరి?"

వెంకటనారాయణ ఆ ప్రశ్న పైకి పట్టుకెళ్లి అడిగితే కృష్ణప్రియ నవ్వి, "ఆ పేర్లు ఎదుటివాళ్ల మీద అతికించడానికి కాదండి. ఎంతకాలంగా ఉంది, బతుకుని ఎంత అడ్డుకుంటోంది అని చాలా చూసి గానీ మేము కూడా తేల్చం" అంది. చాలా చూడాలన్న ముక్క ఆయనకు బాగా గుర్తుండిపోయింది. మిగతాది మెట్లు దిగేలోపు జారిపోయింది.

వెంకటనారాయణకు ఒక్కడే కొడుకు, శివశంకర్. గచ్చిబౌలిలో ఒక కంపెనీ ట్రాన్స్‌పోర్ట్ డెస్కులో పని. ఉద్యోగుల క్యాబులు ఎక్కడున్నాయో చూడటం, రాని క్యాబుకు తాను తిట్లు తినడం. భార్య యశస్విని, బడికెళ్లే కూతురు వర్షిత. శివశంకర్ నెమ్మదైన మనిషి. తండ్రి మాట్లాడేదంతా ఇతని వాటాలోంచే ఖర్చవుతోందేమో అన్నంత తక్కువ మాట్లాడతాడు.

ఒక మధ్యాహ్నం పైన నీళ్ల ట్యాంకు పొంగుతోందని ఎవరో అరిస్తే వెంకటనారాయణ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కాడు. రెండో అంతస్తులో, కౌన్సెలింగ్ సెంటర్ తలుపు బయట, చెప్పుల స్టాండు మీద ఒక హెల్మెట్ కనబడింది. నల్లది. దాని వెనక వర్షిత అతికించిన సీతాకోకచిలుక స్టిక్కరు, ఒక రెక్క చిరిగి ఉంది. పొద్దున ఆఫీసుకని బయల్దేరిన కొడుకు హెల్మెట్. తాను అన్నానికి ఇంట్లోకి వెళ్లిన వేళ చూసుకుని, బండి సందు బయటే పెట్టి ఎక్కినట్టున్నాడు.

ఆయన కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పైన నీళ్లు పొంగుతూనే ఉన్నాయి. లోపలి నుంచి మాటలేవీ వినబడలేదు. తలుపు కొట్టాలని చెయ్యెత్తాడు, దించాడు. తన కొడుకుకు మనసులో ఏదో ఉంది. తన నెత్తి మీదే, తన బిల్డింగులోనే, పరాయి మనిషి ముందు కూర్చుని చెప్పుకుంటున్నాడు. ఆయనకు భయం వేసింది. ఆ భయానికి ఆదివారం నేర్చుకున్న ఏ పేరు పెట్టాలో తెలియలేదు.

సాయంత్రం సెంటర్ ఖాళీ కాగానే వెళ్లి కృష్ణప్రియ ఎదుట కూర్చున్నాడు.

"మా శివనికి ఏమైందమ్మా?"

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. "ఇక్కడికి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నది నేను చెప్పలేనండి."

"నేను కండ్లార చూసిన. వాని టోపీ ఉండె."

"అయినా చెప్పలేనండి."

"నేను వాని నాయిననమ్మా! పరాయోణ్నా?"

"అందుకే మీరు ఆయన్నే అడగండి. నన్ను కాదు."

వెంకటనారాయణకు కోపం ముంచుకొచ్చింది. తన ఇల్లు, తన కొడుకు, మధ్యలో ఈ తలుపేమిటి? "ఇట్లయితే ఇల్లు ఖాళీ చేయమంట. చెప్పనీకి ఇష్టం లేకుంటే ఇంకో యాడనన్న చూసుకో."

కృష్ణప్రియ మెల్లగా అంది. "కొంచెం టైమివ్వండి, చూసుకుంటాను. కానీ చెప్పడం మాత్రం నా వల్ల కాదండి. ఒకటే చెప్పగలను. ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి ఉంటే నేను నోరు మూసుకుని కూర్చోను. అది మా పద్ధతిలోనే ఉంది."

ఆయన గతుక్కుమన్నాడు. ఒక మాట దాచడం కోసం ఉన్న గూడు వదులుకుంటానన్న మనిషిని ఆయన జన్మలో చూడలేదు. ఖాళీ చేయించాలన్న పౌరుషం అక్కడే చల్లబడింది. అర్థంకానితనం మాత్రం రెట్టింపై ఆయనతో పాటు కిందికి దిగింది.

కొడుకును అడగమంది. ఎట్లా అడగాలి? పలకరించడం వృత్తిగా పెట్టుకున్న మనిషికి కన్నకొడుకును పలకరించడం చేతకాలేదు. మూసాపేట పిల్లను అడిగినంత సులువుగా "ఏం తకలీఫు?" అని వాణ్ని అడగబోయి, చెంబు అందుకుని నీళ్లు తాగి పక్కకు జరిగాడు. అందుకని చాలా చూడాలన్న మాట పట్టుకుని చూడటం మొదలుపెట్టాడు.

శివశంకర్ అన్నం సగంలో వదిలేసి లేచాడు. డిప్రెషన్, అనుకున్నాడు వెంకటనారాయణ. మర్నాడు పప్పు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. మరి ఇదేమిటి? గేటు తాళం వేసి మళ్లీ వెనక్కొచ్చి లాగి చూశాడు, ఓసీడీ. అయితే తాళం లాగి చూడని మనిషి కొండాపూర్‌లో ఎవరున్నారు? ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాడు, యాంగ్జైటీ. ఫోన్‌లో కూతురితో పగలబడి నవ్వాడు. బాధ దాచుకుని నవ్వుతున్నాడేమో, డినైయల్ అయి ఉంటుంది. ఏ పేరు వేసినా కొలిచి కుట్టించిన చొక్కాలా సరిపోయింది, అంతలోనే భుజం దగ్గర జారిపోయింది. నాలుగు రోజులకు ఆయనకే నిద్ర కరువై, ఆకలి చచ్చి, ఈ పేర్లన్నీ తనకే సరిపోతున్నట్టు అనిపించసాగింది.

కొడుకు కూడా తండ్రిని గమనించాడు. "అమ్మా, నాయినకు పానం మంచిగ లేదా? నా దిక్కే చూస్తున్నడు, ఏం మాట్లాడ్తలేడు" అని తల్లిని అడిగాడు. వెంకటనారాయణ మాట్లాడకపోవడం కంటే భయపడాల్సిన లక్షణం ఆ ఇంట్లో ఇంకేం ఉంటుంది?

నిజానికి అప్పుడైనా ఆ తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చుంటే ఈ కథ అక్కడే తెల్లారేది. కానీ వెంకటనారాయణ కడుపులో మాట అన్నాళ్లు నిలవడమే ఎక్కువ. శుక్రవారం పొద్దున యాదయ్య చాయ్ బండి దగ్గరికి వెళ్లి, గ్లాసు చేతిలో పట్టుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"ఎవరికీ చెప్పకు యాదయ్యా. మా శివడు పైన డాక్టరమ్మ దగ్గరికి పోతున్నడు. ఏందో ఏమో, నాకైతే మస్తు పరేషాన్ ఉంది."

"అయ్యో, గట్లనా? నా నోట్లకెళ్లి రాదన్నా" అన్నాడు యాదయ్య.

యాదయ్య అబద్ధమాడలేదు. ఆయన ఒక్కడికే చెప్పాడు, అదీ ఎవరికీ చెప్పొద్దనే చెప్పాడు. ఆ ఒక్కడు ఇస్త్రీ బండి దగ్గర చెప్పాడు. సాయంత్రం శివశంకర్ బండి మీద సందులోకి తిరిగేసరికి ఇస్త్రీ చేసే ఈరమ్మ ఆపి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, మా తమ్మునికి గూడ తలకాయ గట్లనే అయితే తాయెత్తు కట్టించినం, ఇప్పుడు మంచిగున్నడు" అంది. అంతలో ఇంకెవరో దగ్గరికొచ్చి భుజం తట్టి "తబియత్ ఎట్లుంది?" అన్నారు. అందరిదీ మంచి మనసే. అదే ఇబ్బంది.

శివశంకర్ బండి స్టాండు వేసి వచ్చి తండ్రి కుర్చీ ముందు నిలబడ్డాడు. హెల్మెట్ తీయలేదు. అద్దం మాత్రం పైకి లేపాడు.

"యాదయ్య కాకకు చెప్పినవా నాయినా?"

"ఎవరికీ చెప్పకన్న బిడ్డా... నాకు భయమైంది..."

"ఇంటర్‌ల నేను ఫెయిలైనప్పుడు యాదికుందా? నీకొక్కనికే చెప్పిన. అమ్మకు రేపు నేనే చెప్తా, గప్పటిదాక ఆగు నాయినా అన్న. కిరాణం దుకాణం దాక పోయొచ్చేసరికి అరుగు మీదున్నోళ్లందరు నన్ను దగ్గరికి తీసుకుని ఓదార్చిన్రు. ఒకాయన అయితే ఏడ్చిండు. నువ్వు పక్కనే కూసుని, వానికి నేనున్న అన్నవ్."

"ఉన్న గద బిడ్డా. నేను నీ మంచికే..."

"తిట్టినా బాగుండు. గా దినం సంది నీకు నేను ఒక్క మాట చెప్పలే. నువ్వు గమనించినవా?"

గమనించలేదు. కొడుకు నెమ్మదస్థుడని ఇన్నేళ్లు అందరితో గర్వంగా చెప్పుకున్నాడు. అది నెమ్మది కాదని, ఇన్నేళ్ల మౌనం తనొక్కడి వల్లనేనని ఇప్పుడు ఆ హెల్మెట్ లోపలి కళ్లను చూస్తే తెలిసింది. అంతకంటే భయపెట్టింది శివశంకర్ మెట్లెక్కుతూ అన్న మాట.

"ఇగ పైకి కూడా పోను. చెప్పుకునే జాగ ఒక్కటుండె. గదీ పాయె."

వెంకటనారాయణ ఆ కుర్చీలోనే చాలాసేపు కూర్చుండిపోయాడు. ఎవరో మెట్లెక్కారు, ఎవరో దిగారు. ఎవరినీ ఏమీ అడగలేదు. తాను కొడుకుకు మంచి చేశాడా చెడు చేశాడా అన్నది కూడా తేల్చుకోలేకపోయాడు. ఇంటర్ తప్పినవాణ్ని ఓదార్చడం తప్పెట్లా అవుతుంది? కానీ వాడు ఇంకా ఆ అరుగు ముందే నిలబడి ఉన్నట్టున్నాడు.

మర్నాడు పొద్దున కృష్ణప్రియ తాళం తీయకముందే ఆమె తలుపు ముందు నిలబడ్డాడు.

"అమ్మా, మా శివని ముచ్చట అడగనీకి రాలే. నువ్వేం చెప్పకు. ఒక్కటి చెప్పు. విన్నది ఎవరికీ చెప్పకుండ ఎట్లుంటరు? నువ్వు ఎట్లుంటున్నవ్?"

కృష్ణప్రియ ఈ ప్రశ్న ఊహించలేదు. ఆయన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. "కష్టంగానే ఉంటుందండి. మొదట్లో మరీను. మనం విన్నది మనది కాదు, వాళ్లదే, కాసేపు పట్టుకోమని మన చేతికిచ్చారు, అంతే అనుకుంటాను."

"నాకు యాదయ్యకు చెప్తెనే పానం నిమ్మళమైతది."

"మీ ప్రాణం నిమ్మళించింది. మరి ఆ మాట ఎవరిదో వాళ్ల ప్రాణం?"

ఆయన లేచి వస్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఇల్లు ఖాళీ చెయ్యకమ్మా" అన్నాడు.

ఆ రోజే కుర్చీ మెట్ల మొదట్లోంచి లేచింది. గేటు పక్కన, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. మెట్లకు ఇప్పుడు ఆయన వీపు కనబడుతుంది, ముఖం కనబడదు. చూసినవాళ్లు ఎండ కోసం జరిగాడనుకున్నారు. అక్కడ ఎండే రాదని ఎవరూ ఆలోచించలేదు.

అది ఎంత కష్టమో ఆయనకే తెలుసు. వెనకాల అడుగుల చప్పుడు వినబడుతుంది, మెడ దానంతట అదే తిరగబోతుంది, ఆయన బలవంతాన ఎదురింటి గోడ మీద రాసిన హాస్టల్ ప్రకటన చదువుకుంటాడు. ఆ ప్రకటన ఆయనకు కంఠతా వచ్చేసింది. ఒకనాడు చున్నీ చుట్టుకున్న అమ్మాయి ఒకతె బైక్ టాక్సీ దిగింది. ఆయన్ను చూసి గేటు దగ్గరే తటపటాయించింది. మూసాపేట పిల్లే. వెంకటనారాయణ నోటి దాకా పది ప్రశ్నలొచ్చాయి. నిద్ర పడుతోందా అన్నది అన్నిటికంటే ముందుకొచ్చింది. ఆయన తల వంచుకుని పంచె అంచు సర్దుకున్నాడు. ఆ పిల్ల మెట్లెక్కిపోయింది.

కొడుకు మళ్లీ పైకి వెళ్తున్నాడా లేదా? ఈ ఒక్క సంగతి ఆయన్ను తినేస్తోంది. ఒక మధ్యాహ్నం వెనకాల బండి ఆగిన చప్పుడైంది. తర్వాత మెట్ల మీద అడుగులు. కుడికాలు కాస్త గట్టిగా వేసే నడక, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడినప్పటి నుంచీ ఉన్న నడక. ఆ అడుగులు మొదటి అంతస్తు దగ్గర ఆగుతాయా, పైకి పోతాయా? చెవి పెట్టి వింటే తెలిసిపోతుంది. సరిగ్గా అప్పుడే వెంకటనారాయణ ఎన్నడూ లేనిది, ఏ పాటా రానివాడు, గొంతెత్తి ఏదో కూనిరాగం అందుకున్నాడు. రాగం ఆపేసరికి మెట్ల మీద ఏ చప్పుడూ లేదు. కొడుకు ఎక్కడికి వెళ్లాడో ఆయనకు తెలియలేదు. కిష్టమ్మ పైనుంచి తొంగి చూసి, ఈ మనిషికి నిజంగానే ఏదో అయిందనుకుంది.

కొన్ని వారాలు అట్లాగే గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుంది. సందంతా మోకాలి లోతు నీళ్లు. చాయ్ బండి మీద పట్టా కప్పేశారు. మనిషన్నవాడు బయట లేడు. శివశంకర్ బండి తడుస్తోందని లోపలికి జరపడానికి కిందికి వచ్చాడు. జరిపాడు. గుడ్డతో సీటు తుడిచాడు. తుడిచిన సీటే మళ్లీ తుడిచాడు. వెంకటనారాయణ చూశాడు గానీ దానికి ఏ పేరూ పెట్టలేదు.

శివశంకర్ గోడకు ఆనించిన ఇంకో కుర్చీ తెచ్చి తండ్రి పక్కన వేసుకున్నాడు. ఇద్దరూ వాన వైపు చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి కొడుకే నోరు విప్పాడు.

"నాయినా, ఒకటి చెప్త."

"చెప్పు."

"నువ్వేం అనకు. ఓదార్చకు. ఊకె విను."

వెంకటనారాయణ విన్నాడు. మధ్యలో ఒక చోట ఆయనకు లేచి నిలబడాలనిపించింది, ఒక చోట వాడి చెయ్యి పట్టుకోవాలనిపించింది, ఇంకో చోట ఏమీ అర్థం కాలేదు. ఇది పెద్ద బాధా చిన్న బాధా? కృష్ణప్రియ నేర్పిన మాటల్లో దేని కిందికి వస్తుంది? తానైతే ఇంతలా నలిగేవాడా? ఏదీ తేలలేదు. తేలకపోయినా అడగలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, వాడు ఆపేదాకా విన్నాడు. చెప్పడం అయిపోయాక శివశంకర్ పెద్దగా ఊపిరి వదిలి, "గంతే నాయినా" అని లేచి పైకి వెళ్లాడు. కుర్చీ తండ్రి పక్కనే వదిలేసి వెళ్లాడు.

వాన వెలిశాక యాదయ్య పట్టా తీసి గేటు దగ్గరికి వచ్చాడు. "కొడుకూ నువ్వూ మస్తు సేపు ముచ్చట పెట్టిన్రు, పట్టా కిందికెళ్లి చూసిన. ఏమంటున్నడన్నా?"

చెబితే ఎంత తేలికవుతుందో వెంకటనారాయణకు తెలుసు. యాదయ్య చిన్నప్పటి దోస్తు. ఏడుస్తాడు కూడా.

"బండి సంగతి" అన్నాడు. "సీటు కవరు మార్చాలంట."

రాత్రి అన్నం వడ్డిస్తూ కిష్టమ్మ అడిగింది. ఆమె తల్లి, ఆమెకు అడిగే హక్కుంది. "పిల్లగాడు ఏమన్నడయ్యా?"

"వాన ఎప్పుడు తగ్గుతదని అడిగిండు."

కిష్టమ్మ గరిటె పట్టుకున్న చెయ్యి ఆపి మొగుడి ముఖంలోకి చూసింది. "నువ్వు అబద్ధమాడుతున్నవ్."

"అవు" అన్నాడు వెంకటనారాయణ. "వాడు నీకు చెప్తడు. చెప్పినప్పుడు నువ్వు విను."

ఆమె ఇంకేమీ అడగకుండా చారు పోసింది. ఆయన తలొంచుకుని తిన్నాడు. శివశంకర్ ఆ మధ్యాహ్నం ఏం చెప్పాడో సందులో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఇన్ని సంగతులు సేకరించిన ఈ రాసేవాడికి కూడా తెలియదు. వెంకటనారాయణను అడిగితే, "వానలు బాగ పడుతున్నయ్ ఈసారి" అని రోడ్డు వైపు తిరిగాడు.